అతుకు పడ్డ కేబుల్

వెల్డింగ్ హోల్డర్ ఫహీమ్ చేతిలోంచి ఎగిరి కింద పడింది.

అతనూ తూలి వెనక్కి పడబోయి, గోడ పట్టుకుని నిలబడ్డాడు.

గిద్దలూరు రైల్వే గేటు దగ్గర వాళ్ల దుకాణం. వెనకే ఇల్లు. వంటింట్లోంచి మహజబీన్ పరుగెత్తుకొచ్చింది.

"షాక్ కొట్టిందా?"

"కొంచెం చుర్రుమనింది. అంతే."

అంతేనట. ఆ చెయ్యి ఇంకా రుద్దుకుంటూనే ఉన్నాడు.

"ఆ మిషన్ కేబుల్ మార్చమని నెత్తీ నోరూ కొట్టుకుంటున్నా. అతుకు మీద సైకిల్ ట్యూబు చుడితే సరిపోతుందా?"

"అందరూ అట్లనే చుడతారు. ఈ ట్యాంకరు పని కానీ, మారుస్తా."

ఫహీమ్ పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు. అతుకు మీద ఇంకో చుట్టు ట్యూబు చుట్టి, పని అయిందనిపించాడు.

వాకిట్లో నీళ్ల ట్యాంకరు ఉంది. చుట్టుపక్కల ఊళ్లకు నీళ్లు తోలే బండి. అడుగున చిల్లు పడి కారుతోంది. లోపలికి దిగి అతకాలి. లోపల చూస్తే ఇంకా తడే. చుట్టూ ఇనుము, కాళ్లకింద చెమ్మ, ఒళ్లంతా చెమట. అందులోకి ఈ కేబుల్ పట్టుకుని, హవాయి చెప్పులతో దిగుతాడట మహానుభావుడు.

"బాగా ఆరనిచ్చి, రేపు దిగరాదా?"

"సాయంత్రానికి ఇస్తానని మాటిచ్చినా. అక్కడ జనానికి తాగను నీళ్లు లేవు. జుమా నమాజు చదువుకొచ్చి దిగుతా."

వెల్డింగ్ పనివాడి పెళ్లానికి దినదిన గండం నూరేళ్లాయుష్షు.

అప్పుడే, వాళ్ల మాటలు వింటూ వచ్చిందొక మనిషి. యాభై దాటిన కూలిమనిషి. భుజాన సంచి, సంచిలో కొడవలి. వాళ్లిద్దరినీ పలకరించకుండా తిన్నగా వెల్డింగ్ మిషన్ దగ్గరికి పోయి నిలబడింది.

"దీన్ని మార్కాపురంలో కొన్నావా నాయనా?"

"అవును పెద్దమ్మా, సెకండ్ హ్యాండ్. ఏం?"

"ఇది వద్దు నాయనా. మంచిది కాదు. దీన్ని పట్టుకుని ఆ ట్యాంకరులో దిగబాకు."

మహజబీన్ గబగబా ముందుకొచ్చింది. తన కడుపులో ఉన్న భయమే ముక్కూమొహం తెలియని మనిషి నోట వినేసరికి, అది హెచ్చరికలా కాక శాపనార్థంలా తోచింది.

"పనికాడ ఈ పాడుమాటలేందమ్మా? పో, పో."

ఆమె ఇంకేదో చెప్పబోయింది. ఫహీమ్ విసుగ్గా గ్రైండర్ ఆన్ చేశాడు. ఆమె పెదాలు కదిలాయి గానీ ఆ రొదలో ఒక్క ముక్కా వినబడలేదు.

పొమ్మన్నా పోలేదు. ఎదురుగా టీ కొట్టు బెంచీ మీద కూర్చుంది. టీ అయినా తాగదు. చూపు మిషన్ మీదే.

"ఆమెను చూస్తే నాకు భయంగా ఉంది."

"తిక్కదేమో, వదిలెయ్." ఫహీమ్ మెయిన్ దించి మసీదుకు వెళ్లాడు.

మహజబీన్ ఇంట్లో నమాజుకు నిలబడింది గానీ మనసు నిలవలేదు. 'యా అల్లా, ఈ పూట గండం గట్టెక్కించు' అని చేతులెత్తి అడిగింది. లేచి దుకాణంలోకి తొంగిచూసింది.

మిషన్ ఉంది. కేబుల్ లేదు.

ఎదురు బెంచీ ఖాళీ.

"దొంగ, దొంగ" అంటూ రోడ్డెక్కింది.

మసీదు నుంచి వస్తున్న ఫహీమ్, టీ కొట్టు జనం తలో దిక్కుకు పరుగెత్తారు. బస్టాపులో దొరికింది. సంచి లాగి బోర్లిస్తే కేబుల్ ముక్కలు ముక్కలుగా కింద పడింది. కొడవలితో ఎక్కడికక్కడ కోసి పెట్టింది.

"రాగి అమ్ముకుందామనా?" ఫహీమ్ మండిపడ్డాడు.

"రాగి మీరే తీసుకోండి నాయనా."

పొద్దుటి నుంచి అణచుకున్న భయమంతా మహజబీన్‌కు కోపమై పైకొచ్చింది. ఆమె చెంప ఛెళ్లుమనిపించింది.

దెబ్బ తిన్న మనిషి ఏడవలేదు, తిట్టలేదు. చెంప తడుముకుంటూ ఒక్కటే అడిగింది.

"ఇయ్యాళ నీ మొగుడు ట్యాంకరులో దిగడు గదా బిడ్డా?"

"దిగడు. నీ కళ్లు చల్లబడినాయా?"

"చల్లబడినాయి తల్లీ."

అంతలో మార్కాపురం బస్సు వచ్చింది. ఇంకోసారి ఈ ఊళ్లో కనబడితే పోలీసులకు పట్టిస్తామని బెదిరించి, జనం ఆమెను ఎక్కించేశారు.

ట్యాంకరు ఓనరుకు జవాబు చెప్పాలి. ఫహీమ్ దుకాణానికి వచ్చీ రాగానే, తనకు మిషన్ అమ్మిన మార్కాపురం పాత ఇనుము వ్యాపారి బుడే సాహెబ్‌కు ఫోన్ చేశాడు. మహజబీన్ వినాలని స్పీకరు పెట్టాడు.

"చాచా, అర్జెంటుగా ఒక కేబుల్ పంపు. ఉన్నదాన్ని ఎవతో కోసి పారేసింది."

బుడే సాహెబ్ వెంటనే ఎదురడిగాడు.

"మార్తమ్మేనా?"

"ఆమె నీకెట్ల తెలుసు?"

"నిన్న వచ్చి నిలదీసింది. అబద్ధం చెప్పలేక నీ దుకాణం గుర్తులు చెప్పినా. ఆమెనేమీ అనలేదు గదరా?"

ఫహీమ్ పెళ్లాం మొహం చూశాడు. మహజబీన్ ఫోను దగ్గరికి వంగింది. బస్సు ఈపాటికి కంభం దారి పట్టి ఉంటుంది.

"ఎవరు చాచా ఆమె?" అని ఆమే అడిగింది.

బుడే సాహెబ్ ఉన్నదంతా చెప్పేశాడు.

"అమ్మొద్దు సాయబూ, పగలగొట్టి పారెయ్యమని ఆ మిషన్ నాకు ఊరికే ఇచ్చిపోయింది ఆమేనమ్మా, ఆమె ఒక్కగానొక్క కొడుకు దాన్ని పట్టుకునే తడి ట్యాంకరులో దిగి మళ్లీ పైకి రాలేదు."