ఇంటి నంబరు

“నీ సంతకం ఉంటే చాలక్కా, మీ ఆయనది అక్కర్లేదు,” అంది ఇన్సూరెన్సు బల్ల దగ్గరి రక్షిత, కాగితం ముందుకు జరిపి. “మేజరైన ఆడమనిషి తను ఒప్పుకుంటే చాలంటాది చట్టం.”

లూదియాకు గుండెల మీది బరువు సగం దిగింది. ఈ పని సర్కారు ఆసుపత్రిలో ఉచితంగానే చేస్తారు. కానీ అక్కడి నర్సుల్లో ఇద్దరు తమ ఊరు శిరివెళ్లలో తమ చర్చి సంఘం వాళ్లే. అందుకే నంద్యాలలో ఈ ప్రైవేటు ఆసుపత్రిని వెతుక్కుంటూ వచ్చింది. ఆళ్లగడ్డలో తను పాఠాలు చెప్పే బడివాళ్లు ఈ ఏడు మార్చిన పాలసీలో గర్భస్రావం ఖర్చు కూడా ఉందని తెలిశాక ప్రాణం లేచొచ్చింది.

ఇద్దరు ఆడపిల్లలు. చిన్నదానికి పదకొండు నెలలు, అదీ ఆపరేషను కాన్పు. ఇంత తొందరగా ఇంకొకటి ప్రమాదమని డాక్టరమ్మ చెప్పింది. చెప్పకపోయినా లూదియాకు వద్దు. భర్త ఎజ్రా బేతంచెర్ల బండల లోడుతో బెంగుళూరు పోతూ, “నీ ఒళ్లు, నీ ఇష్టం. నాయనకు మాత్రం తెలీనీయొద్దు” అని లారీ ఎక్కాడు.

“ఓటీపీ పంపించినా. చెప్పక్కా.”

లూదియా తన ఫోను చూసుకుంది. ఏమీ రాలేదు.

“చివర ముప్పై రెండు, నీ నంబరే కదా?”

అది మామ దేవసహాయం నంబరు.

ఆ ఇంట్లో గ్యాసుబండకూ, రేషను కార్డుకూ, పిల్లల టీకాలకూ ఒకటే నంబరు. ఏ ఫారం ముందుకొచ్చినా చెయ్యి దానంతటదే ఇంటిపెద్ద నంబరు రాసేస్తుంది. బడిలో ఇన్సూరెన్సు ఫారం మీదా అదే రాసింది. చట్టం మొగుణ్ణి కూడా అడగలేదు, ఫోను మాత్రం మామనే అడిగింది.

“అంకెలొక్కటే పోతాయా?”

“లేదక్కా, పేషెంటు పేరు, ఏం చికిత్సనో కూడా ఉంటాది. నంబరు మార్చాలంటే వారం పడ్తాది. ఈ ఓటీపీ పది నిమిషాలే పనిచేసేది.”

దేవసహాయం సంఘపెద్ద. సాయంత్రమైతే కళ్లజోడు పెట్టుకుని గట్టిగా బైబిలు చదివి, ఒక మనవణ్ణి ఇవ్వమని దేవుణ్ణి అడగనిదే ముద్ద ముట్టడు. గర్భస్రావాల ఖర్చు ప్రభుత్వమూ ఇన్సూరెన్సులూ భరించాలా వద్దా అని పేపర్లో చర్చ వచ్చిన ఆదివారం గుడిలో లేచి నిలబడ్డాడు. “చేసేది పాపం. దానికి దుడ్లు కూడా మనమే ఇయ్యాల్నా?” అన్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. లూదియా కూడా అంది.

అయినా ఒక ఆశ మిగిలింది. ఇలాంటి మెసేజులు ఇంగ్లీషులోనే వస్తాయి, మామకు ఇంగ్లీషు ముక్క రాదు. అలాంటి మెసేజు ఏదొచ్చినా పక్కనున్న జనార్దనం అంగడికి పోయి చదివించుకుంటాడు. అక్కడే మళ్లీ భయం. జనార్దనం చెవిన పడిందంటే ఊళ్లో దండోరా వేయించినట్టే. ముందు నుయ్యి, వెనక గొయ్యి. వేరే దారి లేక ఫోను చేసింది.

“మామా, కడుపునొప్పికి చూపిచ్చుకుంటా అని చెప్పినా కదా, ఆసుపత్రిలో ఉండా. నీ ఫోనుకు మెసేజు వచ్చింటాది. దాంట్లో ఆరంకెలుంటాయి, చెప్పు.”

“ఏందో మోగింది. ఉండు, చూస్తా.”

అవతల చిన్నది ఫెబా ఏడుపు వినిపిస్తోంది. మామ మాట వినిపించడం లేదు.

“మామా?”

“ఇంగ్లీషులో ఉందిమ్మా,” అన్నాడు చాలాసేపటికి. “జనార్దనం కాడికి పోయి చదివిచ్చుకోని చేస్తా.”

“వద్దు మామా, అంకెలే కదా, నువ్వే...”

ఫోను పెట్టేశాడు.

లూదియా గోడ గడియారం చూస్తూ కూర్చుంది. మూడు నిమిషాలు. ఐదు. రక్షిత ఇచ్చిన మంచినీళ్లు బల్ల మీదే ఉండిపోయాయి. ఈపాటికి జనార్దనం చదివేసి ఉంటాడు. రేపు ఆదివారం. సంఘం ముందు ఏ మొహంతో కూర్చోవాలి? ఎనిమిదో నిమిషంలో ఫోను మోగింది.

“రాసుకో. నాలుగు. సున్న. ఏడు.” ఒక్కొక్క అంకే నిదానంగా చెప్పాడు. ఆరూ అయ్యాయి. రక్షిత తలూపింది.

“జనార్దనం ఏమన్నా అన్నాడా మామా?”

“వాని కండ్లద్దాలు యాడ పెట్టినాడో కనపల్యా. అంకెలొక్కటే చదివినాడు.” ఫెబాను ఊరుకోబెడుతూ మళ్లీ అన్నాడు. “డాక్టరమ్మ ఏం చెప్తే అది చేపిచ్చుకో. పిల్లోళ్లు నా కాడ ఉంటారు. బేగా రావల్లని లేదు, నిమ్మళంగా రా.”

లూదియాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. జనార్దనం అద్దాలు దాచిన దేవుడికి అక్కడే, ఆ ప్లాస్టిక్ కుర్చీలోనే స్తోత్రం చెప్పుకుంది.

పని అనుకున్నంత కష్టం కాలేదు. సాయంత్రం బస్సు దిగి ఇంటికొచ్చేసరికి పెద్దది దీవెన అన్నం తింటోంది, ఫెబా తాత భుజం మీద నిద్రపోయింది. పొయ్యి మీద రాగిజావ వెచ్చగా ఉంది.

“తాగి పండుకో,” అన్నాడు దేవసహాయం. “రేపు గుడికి రావొద్దులే. అడిగినోళ్లకు నేను చెప్పుకుంటా.”

ఎప్పటిలాగే అధ్యాయం చదివాడు. దారిలో ఉన్న ఎజ్రా కోసం, పిల్లల కోసం, కోడలి ఆరోగ్యం కోసం ప్రార్థన చేశాడు. మనవడి మాట ఎత్తలేదు. పిల్లల్తో అలసిపోయి మరిచిపోయినట్టున్నాడు అనుకుంది లూదియా. రోజంతా బిగబట్టిన ఊపిరి ఇప్పుడు హాయిగా వదిలింది.

ఇక ఒక్క పని మిగిలింది. రేపు జనార్దనానికి అద్దాలు దొరకవచ్చు. ఆలోగా ఆ మెసేజు తీసేయాలి. మామ కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి పోగానే బల్ల మీది ఫోను అందుకుంది. తీసేసే ముందు, అది అదేనా అని ఒకసారి తెరిచి చూసింది.

మెసేజు తెలుగులో ఉంది.