స్టార్ట్ చెయ్యకముందు

ఆరున్నరకు మేస్త్రి షెడ్డు షట్టరు ఎత్తాడు.

డాక్టరమ్మ కారు లోపలే ఉంది. రెండు నెలల్లో అది షెడ్డుకు రావడం మూడోసారి. ఫిర్యాదు ఒకటే. పొద్దున్నే రెండో గేరు పడదు. తోస్తే కిర్రుమంటుంది. పది నిమిషాలు నడిచాక ఏ బాధా ఉండదు.

మేస్త్రి గేర్‌బాక్సు రెండుసార్లు దించాడు. రెండుసార్లూ ఏమీ దొరకలేదు. దించిన రోజు సాయంత్రానికే ఎక్కించి పంపేశాడు.

నిన్న ఓనరు తేల్చి చెప్పేశాడు.

"కారు రాత్రికి ఇక్కడే ఉంచు. రేపు పదింటికి కొత్త మేస్త్రి వస్తున్నాడు. ఫోన్లో మాట్లాడాను. ఆయన బాగుచేస్తే ఎల్లుండి నుంచి ఆయనే."

"ఇరవై రెండేళ్లు చేశాను సార్ ఇక్కడ."

"అందుకే ముందుగా చెబుతున్నా."

ఇంకా మూడున్నర గంటలుంది. చాలు అనుకున్నాడు మేస్త్రి. తన చేతి మీద ఆయనకు ఎప్పుడూ అనుమానం లేదు.

డోరు తీసి తాళం చెవి పెట్టాడు.

"స్టార్ట్ చెయ్యకండి."

గేటు పక్క బెంచీ మీద ఒకాయన కూర్చుని ఉన్నాడు. మోచేతుల దగ్గర కుట్లు వేసిన స్వెట్టరు. ఒళ్లో సంచి.

"ఎవరు కావాలి?"

"పని మీద వచ్చాను. ఇంకా టైముంది."

మేస్త్రి ఎదురుగా ఉన్న బ్యాంకు వైపు చూశాడు.

"పదింటికి గానీ తియ్యరు. కూర్చో, పర్లేదు. సలహాలు మాత్రం వద్దు."

"సలహా కాదు, అడుగుతున్నా. ఈ కారు వాళ్లింటి నుంచి ఇక్కడికి ఎంతసేపు?"

"ఇరవై నిమిషాలు."

"అంటే మీ దగ్గరికి వచ్చేసరికి బండి వేడెక్కిపోతుంది. రోగం దారిలోనే దిగిపోతుంది. మీరింతవరకు దాని మొహం చూడలేదు."

తాళం చెవి తిప్పబోయిన చెయ్యి ఆగింది.

"ఇంజన్ ఆపే ఉంచి రెండో గేరు వెయ్యండి."

వేశాడు. పడింది, కానీ తడిమట్టిలో కర్ర దిగినట్టు మెల్లగా దిగింది.

"ఇంజన్ తిరగకుండానే ఇంత బరువుగా ఉందంటే క్లచ్ జోలికి వెళ్లక్కర్లేదు" అన్నాడు స్వెట్టరాయన. "ఏ ఆయిల్ పోశారు?"

మేస్త్రి షెడ్డు మూలకు చూశాడు.

"గేర్‌బాక్సు సౌండ్ చేస్తోందని మూడు నెలల కిందట తెచ్చారు. కాస్త చిక్కటిది పోశాను. ఆ మూల డ్రమ్ములోది."

"అది లారీలకు పోసేది కదా?"

"సౌండ్ పోయిందిగా!"

"పోయింది. చలి పట్టుకుంది. రాత్రి చలికి ఆ ఆయిల్ బిగుసుకుంటుంది, వేడెక్కితే గానీ పలచబడదు."

"అయితే రెండుసార్లు దించి, రెండుసార్లూ..."

"అదే పోశారు."

మేస్త్రి జాకీ అందుకున్నాడు. కారు లేపి కిందికి దూరి బోల్టు విప్పాడు. ఆయిల్ రాలేదు. చాలాసేపటికి ఒక తీగ సాగింది.

"ఇలాగైతే మధ్యాహ్నమవుతుంది. కాసేపు ఇంజన్ తిప్పితే గబగబా దిగుతుంది."

"దిగుతుంది. కానీ బాగయిందో లేదో చూడ్డానికి మళ్లీ రేపటిదాకా ఆగాలి. మీకు అంత టైముందా?"

"లేదు. పదింటికి నా ఉద్యోగానికి ఒకడొస్తున్నాడు."

"ఎవరతను?"

"ఎవడో. లాప్‌టాప్ పెడితే గానీ టైరులో గాలెంతుందో చెప్పలేని రకం అయ్యుంటాడు."

స్వెట్టరాయన గట్టిగా నవ్వాడు.

"అతనొస్తే మీరేం చేస్తారు?"

"రానివ్వు. ఇక్కడ ఏ బోల్టు ఎన్ని చుట్లు తిరుగుతుందో నాకు తెలుసు. వాడొచ్చి తెలుసుకునేసరికి వాడి జుట్టు నెరుస్తుంది. ఆ బేసిను ఇటు తొయ్యి."

ఆయన బేసిను తోశాడు. తర్వాత గరాటు పట్టుకున్నాడు. గుడ్డ అందించాడు. మధ్యలో మేస్త్రి వీధిలోకి కేకేసి టీ చెప్పాడు. ఒకటే చెప్పాడు.

ఎనిమిదిన్నరకు పలచటి ఆయిల్ పోయడం అయింది. మేస్త్రి సీట్లో కూర్చుని ఇంజన్ తిప్పాడు. షెడ్డులోంచి బయటికి తీసి, వీధి చివరిదాకా వెళ్లి వచ్చాడు. ఒకటి, రెండు, మూడు. మళ్లీ రెండు. ఒక్కసారి కూడా కిర్రుమనలేదు.

"చూశావా!" అంటూ దిగాడు. ఈసారి రెండు టీలు చెబుదామనుకున్నాడు.

బెంచీ ఖాళీగా ఉంది.

బ్యాంకు షట్టరు ఇంకా ఎత్తలేదు. దాని ముందు ఎవరూ లేరు.

తొమ్మిదింటికి ఓనరు వచ్చాడు. కారెక్కి ఒక చుట్టు కొట్టి వచ్చాడు.

"ఏంటట రోగం?"

"చిక్కటి ఆయిల్ సార్. చల్లగా ఉండగా చూస్తే గానీ తెలీదు. నేనే పట్టాను."

"అవును, విన్నాను."

"ఎవరు చెప్పారు?"

"పదింటికి రావాల్సినాయనే. నేను దారిలో ఉండగా ఫోన్ చేశాడు. ‘బస్సు తొందరగా దింపేసింది, రెండు గంటలు మీ షెడ్డులోనే కూర్చున్నాను, మీ మేస్త్రి తప్పు తనే పట్టుకుని తనే సరిచేశాడు, అలాంటి మనిషి ఉండగా నేనెందుకు’ అని వెళ్లిపోయాడు."