ఉండాడు

“ఈ పొద్దు ఒక్క దినం నోరు మూసుకో అక్కా,” అన్నాడు సంఘపెద్ద మునస్వామి, ఏసయ్య గుడి వాకిట్లోనే సంతోషమ్మకు అడ్డంగా నిలబడి. “పెద్దయ్యగారు వచ్చుండాడు. హాజరు పట్టీ తనిఖీ చేస్తాడంట.”

“చేసుకోనీ. నాకేమి?”

“జయరావు పేరు కాడికి వచ్చినప్పుడు నువ్వు పలకొద్దు.”

“మరి ఎవురు పలకతారు?”

“ఎవురూ పలకరు. ఆయన ఒక గీత గీస్తాడు. అయిపోతాది.”

“అయిపోతాదా?”

సంతోషమ్మ దుప్పటి బిగించి కప్పుకుని, అతన్ని పక్కకు నెట్టినంత పని చేసి లోపలికి పోయింది. ఊరి మంత్రసాని ఆమె; ఊరంతా ఒక వైపు కూర్చుంటే రెండో వైపు చాప వేసుకునే రకం.

జనవరి చలి. నగరి కొండ మంచులో ఎక్కడుందో తెలియడం లేదు. బర్మా యుద్ధానికి పోయిన జయరావు చనిపోయాడని సర్కారు కాగితం వచ్చి ఏడాది దాటింది. ఆ వారం ఆరాధనలో హాజరు పిలుస్తూ ఆ పేరు రాగానే గుడంతా మూగబోయింది. ఆ పేరు తర్వాత అంత ఖాళీ ఉంటే ఒక మనిషి ఎలా కుంగిపోతాడో సంతోషమ్మ కళ్లారా చూసింది. చూడలేక, “ఉండాడు” అనేసింది. అది మొదలు ఒక్క ఆదివారం తప్పలేదు. జ్వరమొచ్చినా మంచం దిగి వచ్చి పలికింది.

పాట అయింది, ప్రార్థన అయింది. ఊరి గుడిలో వాక్యం చెప్పే ఉపదేశి సుందరరాజు పట్టీ పట్టుకుని లేచాడు. సన్నటి మనిషి, చలికి మెడ చుట్టూ తువ్వాలు చుట్టుకున్నాడు. చచ్చినవాళ్ల పేర్లు కొట్టేయమని పెద్దయ్యగారు ఇందాకే పురమాయిస్తే, “చలికి వేళ్లు వంగడం లేదయ్యా” అని తప్పించుకున్నాడు.

“ఎల్లప్ప.”

“ఉండాను.”

“చిన్నబ్బ.”

“ఉండానయ్యా.”

సుందరరాజు ఆగి దగ్గాడు. తువ్వాలు సర్దుకున్నాడు.

“జయరావు.”

“ఉండాడు,” అంది సంతోషమ్మ, ఎప్పటికంటే గట్టిగా.

పెద్దయ్యగారు కుర్చీలోంచి లేచాడు. చుట్టుపక్కల గుళ్లన్నిటికీ పెద్ద పాదిరి; నెల కిందటే ఈ పక్కకు బదిలీ మీద వచ్చాడు. లెక్క అంటే లెక్కే అనే మనిషి.

“ఎక్కడున్నాడమ్మా? ప్రభుత్వం కాగితం పంపింది కదా. దేవుని మందిరంలో అబద్ధమా?”

“కాగితం ఏమన్నా చెప్పనీ అయ్యా. ఆ పిల్లోని మట్టి ఎవురైనా చూసినారా?”

“తల్లి మనసు నాకు తెలుసు. కానీ...”

“నా చేతుల్లో కండ్లు తెరిచినోడు. ఆ పేరు కొట్టేసేటట్టయితే నా పేరు కూడా కొట్టేయండి. వచ్చే వారం నుంచి ఈ గడప తొక్కను.”

ఈ రోజు ఓడిపోతే వచ్చే ఆదివారం నుంచి సంతోషమ్మకు పలకడానికి ఏమీ ఉండదు. అయినా చూపు దించలేదు.

“ఉపదేశిగారూ, మళ్లీ పిలవండి,” అన్నాడు పెద్దయ్యగారు. “ఈసారి ఎవరూ పలకకూడదు. ఇది నా ఆజ్ఞ.”

సుందరరాజు పట్టీలోంచి తల ఎత్తలేదు. పెదవులు తడుపుకున్నాడు.

“జయ... జయరావు.”

సంతోషమ్మ నోరు తెరిచేలోగా వెనక నుంచి ఒక మగ గొంతు లేచింది.

“ఉండాడయ్యా.”

మునస్వామి! వాకిట్లో అడ్డం నిలబడినవాడే. ఆ వెనకే ఎల్లప్ప, చిన్నబ్బ. ఆ తర్వాత ఆడవాళ్ల చాపలన్నీ కలిసి, “ఉండాడు, ఉండాడు” అన్నాయి. సంతోషమ్మకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది.

పెద్దయ్యగారి ముఖం ఎర్రబడింది. “సరే, ఆ తల్లి కోసం మీరంతా మొండికేస్తే నేనే కొట్టేస్తాను,” అంటూ ఉపదేశి చేతిలోంచి పట్టీ లాక్కుని, కలం మూత తీశాడు. వేలు వరసలమీదుగా జారి జయరావు పేరు దగ్గర నిలిచింది. పక్క గడి చదివాడు. కలం గాలిలోనే ఆగిపోయింది.

తల్లి పేరు గడిలో సంతోషమ్మ పేరు లేదు. తండ్రి పేరు గడిలో ‘ఉపదేశి సుందరరాజు’ అని ఉంది.