రాహుకాలంలో ఆగే సర్వర్

మా కాలనీ సర్వర్ రాహుకాలంలో పనిచేయదని అందరూ నమ్ముతారు. తెరవెనుక నడిచే ఆ కంప్యూటర్ అనుమతిస్తేనే ఏ ఇంట్లోనైనా మందులపెట్టె తెరుచుకుంటుంది. దాని బాగోగులు చూసేది నేను.

సోమవారం ఉదయం మా ఆవిడ హైమవతి బీపీ మాత్ర పెట్టెలోనే చిక్కుకుపోయింది.

"ఏమండీ, రాహుకాలం వచ్చేసింది. మీ సైన్సును బతిమాలి ఒక్క మాత్ర ఇప్పించండి! లేకపోతే ఆ సర్వర్‌కు నిమ్మకాయ కట్టేస్తాను."

"యంత్రానికి పంచాంగం తెలియదోయ్" అని హుందాగా పలికి, ఆగిపోయిన సర్వర్‌ను మళ్ళీ నడిపించాను. లేచినట్టే లేచి కూలబడింది. హైమవతి నిమ్మకాయ తెచ్చేసింది. కంగారుగా వెతికితే, ఏదో ప్రోగ్రాం సర్వర్‌ను "బతికే ఉన్నావా?" అని ఊపిరి తిప్పుకోనివ్వకుండా అడుగుతోందని, ఆ ధాటికే అది కూలబడుతోందని తేలింది. దాన్ని ఆపగానే పెట్టె తెరుచుకుంది.

ఎప్పుడో ఒకసారి రాహుకాలంలో ఆగినందుకు పుట్టిన ఆ పుకారును ఖండించాలని, రాహుకాలంలో మాత్రమే నడిచేలా ఆ తనిఖీ ప్రోగ్రాంను అమర్చింది నేనే.