పెద్దమ్మతో సెలవులు

"పిల్లని సోఫా ఎక్కనివ్వకమ్మాయ్! మరక పడిందంటే ఇక పోదు."

పెద్దమ్మ మాట పూర్తయ్యేలోపే కోడలు లేచి చిట్టిని కిందికి దించేసింది. చిట్టికి రెండేళ్లు. సోఫా ఎక్కడం ఈమధ్యే వచ్చింది. వచ్చిన విద్యను చూపించుకునే చోటు పోయినందుకు గుక్కపట్టి ఏడ్చింది.

"ఏడుపొకటి మళ్లీ," అన్నాడు పెద్దనాన్న, టీవీ సౌండు పెంచుతూ. టీవీలో నలుగురు పెద్దమనుషులు ఒకరి మీద ఒకరు అరుచుకుంటున్నారు. ఆ అరుపులు మాత్రం ఆయన చెవికి ఇంపుగానే ఉన్నాయి.

వేసవి సెలవులు పెద్దమ్మ వాళ్లతో గడపాలన్నది అబ్బాయి ఆలోచన. ఆవిడ అతని తల్లికి స్వయానా అక్క. "మనిద్దరికీ కలిపి సెలవు దొరికేది ఏడాదికోసారి. చిట్టికి అయినవాళ్లంటే ఏమిటో తెలియొద్దా?" అన్నాడు భార్యతో.

తెలిసింది. మొదటిరోజే తెలిసింది.

పెద్దనాన్నకి నడుంనొప్పి. కాబట్టి ఏసీ ఉన్న గది పెద్దవాళ్లది. అబ్బాయి, కోడలు, చిట్టి హాల్లో పరుపు పరుచుకున్నారు. "చిన్నవాళ్లు, ఎక్కడైనా సర్దుకుంటారు," అని పెద్దమ్మ వాళ్ల తరఫున తనే ఒప్పేసుకుంది.

వంటింట్లో డబ్బాలు పెద్దమ్మ పేర్చిన వరసలోనే ఉండాలి. కోడలికి ఆ వరస ఒక పట్టాన బుర్రకెక్కలేదు.

"అత్తయ్యా, చక్కెర ఎక్కడుంది?"

"ఎన్నిసార్లు చెప్పాలమ్మా? పై అరలో, ఎడంపక్క. వంటింట్లో ఏది ఎక్కడుందో తెలియకపోతే ఇక సంసారం ఏం చేస్తావ్?"

కోడలు పై అరలోంచి చక్కెర తీసుకుంది. 

మధ్యాహ్నం భోజనం కాగానే పెద్దనాన్న పడక. ఆయన లేచేదాకా చీమ చిటుక్కుమనకూడదు. అడుగేస్తే కీచుమనే చిట్టి చెప్పులు అలమార మీదికెక్కాయి. మర్నాడు బంతి ఎక్కింది. ఆ తర్వాత గిలక్కాయ, రైలుబండి, తోక ఊపే కుక్కపిల్ల. వారం తిరిగేసరికి అలమార మీద ఒక బొమ్మల కొట్టు వెలిసింది. కింద చిట్టి ఒక్కతే మిగిలింది. పెద్దమ్మకి అంత బలం లేదు కానీ, ఉంటే ఆ పిల్లని కూడా ఎక్కించేసేదే.

ఒకరోజు చిట్టి ఎర్ర రంగు పెన్సిల్‌తో గోడ మీద గీతలు గీసింది. పెద్దమ్మ గుండెల మీద చెయ్యేసుకుంది.

"అయ్యయ్యో! లక్షణమైన గోడ!"

"పర్లేదు పెద్దమ్మా, నేను రంగు వేయిస్తాలే," అన్నాడు అబ్బాయి.

"వేయిస్తావురా, వేయించక ఏం చేస్తావ్! ముందు పిల్లకి పద్ధతి నేర్పించు."

సాయంత్రాలు ఆవిడకి ఫోను కాలక్షేపం. "ఏం సెలవులు వదినా! నాలుగు రోజులు ప్రశాంతంగా ఉందామనుకున్నాం. ఈ పిల్లతో ప్రశాంతమా నా మొహమా! అయినవాళ్లాయె, మొహమ్మీద అనలేం కదా." మొహమ్మీద అనలేని ఆ మాటలన్నీ కోడలి పక్కనే నిలబడి, పక్కింటికి కూడా వినిపించేలా అంది.

ఫోను పెట్టేశాక పాత సంగతొకటి గుర్తొచ్చింది. "నిరుడు మా ఆడపడుచు మనవల్నేసుకుని దిగిందమ్మాయ్. నెల దాటినా కదిలితేనా! చుట్టమై వచ్చి దయ్యమై పట్టడమంటే అదే."

"నిజమే అత్తయ్యా," అంది కోడలు. ఆ సెలవుల్లో ఆమె మనస్ఫూర్తిగా ఒప్పుకున్న మాట అదొక్కటే.

మర్నాటి మధ్యాహ్నం కోడలు హాల్లో కూర్చుని ఫోనులో ఏదో చూస్తూ పక్కున నవ్వింది. గోడవారన కూర్చున్న చిట్టి లేచి వచ్చింది. పరుగెత్తుకుంటూ కాదు, మునివేళ్ల మీద. వచ్చి తల్లి నోటి మీద తన బుల్లి అరచెయ్యి పెట్టి మూసింది.

"ష్... తాత కొడ్తాలు," అంది.

కోడలి నవ్వు ఆ చేతికిందే ఆగిపోయింది. చిట్టి నవ్వి ఎన్ని రోజులైందో ఆలోచిస్తే గుర్తు రాలేదు. పిల్లని గుండెకి హత్తుకుని బాల్కనీలోకి వెళ్లింది. అక్కడ అబ్బాయి ఎవరికీ అడ్డం కాకుండా పేపరు చదువుకుంటున్నాడు.

"మా అమ్మ దగ్గరికి పోతున్నా. పిల్లని తీసుకుని. నువ్వొస్తే రా."

"ఇప్పుడా? పెద్దమ్మ ఏమనుకుంటుందో..."

"పోనీ నువ్వు చెప్పగలవా పెద్దమ్మకి?"

అబ్బాయి నేలచూపులు చూశాడు. "పెద్దవాళ్లు. నోరు విడిచి ఎలా చెప్తాం?"

"చెప్పలేవుగా! మరి నడు."

గంటలో పెట్టెలు సర్దేసుకున్నారు. అలమార మీది బొమ్మల్ని అబ్బాయి కుర్చీ వేసుకుని ఒక్కొక్కటే చప్పుడు కాకుండా దించాడు. పెద్దనాన్న నిద్రలేచి టీవీ ముందుకొచ్చాడు. తలతిప్పకుండానే చెయ్యెత్తి దీవించాడు.

"అప్పుడే ఏం తొందరరా? ఇంకో నాలుగు రోజులుంటే బాగుండేది. చిట్టి లేకపోతే ఇల్లు బోసిపోతుంది," అంది పెద్దమ్మ, సోఫాలో హాయిగా కాళ్లు చాపుకుంటూ. "వెళ్తూ వెళ్తూ కింద వాచ్‌మన్‌కి మంచినీళ్ల క్యాను చెప్పిపో నాయనా."

మెట్లు దిగగానే చిట్టి చెప్పులు వేసుకుని కీచుకీచుమంటూ గేటుదాకా పరుగు తీసింది. ఎవరూ వద్దనలేదు. అది నమ్మలేనట్టు ఓసారి వెనక్కి తిరిగి చూసి, మళ్లీ పరుగెత్తింది.

అబ్బాయి పెట్టెలు ఆటోలో పెట్టించి వాచ్‌మన్‌ని పిలిచాడు.

"పైకొక నీళ్ల క్యాను పంపించు."

"అలాగే సార్. ఇంకేమైనా చెప్పాలా?"

అబ్బాయి ఒకసారి పైకి, బాల్కనీ వైపు చూశాడు. ఎవరూ లేరని రూఢి చేసుకుని గొంతు తగ్గించాడు.

"మా పెద్దమ్మ వాళ్లు వాళ్ల ఊరెళ్లిపోగానే నాకొక్క ఫోన్ కొట్టు, మా ఇంటికి మేం తిరిగొచ్చేస్తాం."