చేసినవారు

"ఆ పీటెవరిది? పట్టాల మధ్యలో వేశారేంటి?"

ఇంజనీరమ్మ కేకకి కొత్త ల్యాబులో పనివాళ్ళంతా తలలు తిప్పారు.

రోబో నడిచే పట్టాల నడుమ ముక్కాలిపీట వేసుకుని, కొలిమికేసి చూస్తూ కూర్చున్నాడు ఒక ముసలాయన.

"నాదేనమ్మా. పాత ల్యాబులో పనిచేసేవాణ్ణి. బ్యాటరీ బిళ్ళలు ఇప్పుడు మిషనే చేస్తుందంటే చూద్దామని వచ్చాను."

అక్కడ ఊడ్చేవాడేమో అనుకుంది ఆమె.

"చూశారుగా. ఏ పొడి ఎంత కలపాలో ఏఐ చెబుతుంది. రోబో కలిపి, నొక్కి, కాలుస్తుంది. మనిషి వేలు పెట్టక్కర్లేదు."

"నాలుగు రోజులు దాని పక్కన కూర్చోనిస్తే ఎక్కడ తప్పుతుందో చెబుతానమ్మా."

"ఇప్పుడే చెప్పండి, రాసుకుంటాను."

"నోటితో చెబితే వచ్చేది కాదు. చేత్తో చూపించాలి."

"మా రోబోకీ రెండు చేతులున్నాయి తాతగారూ. పైగా టీ అడగదు."

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

"దానికి తొందరెక్కువమ్మా" అన్నాడు.

"వాచ్‌మన్! ఈయన్ని గేటు దాటించు."

ముసలాయన్ని రెక్క పట్టుకుని తీసుకుపోయారు. పీటని మెట్ల కింద తుక్కులో పడేశారు.

రెండు నెలల్లో రోబో ఆరువందల బిళ్ళలు చేసింది. ఆరువందలూ పగిలాయి.

రేపు పొద్దున్నే తనిఖీ. ఒక్క బిళ్ళైనా నిలవకపోతే ల్యాబుకి తాళం. ఆమె ఎనిమిదేళ్ళ కష్టానికీ తాళమే.

సిగ్గు చంపుకుని వాచ్‌మన్‌ని అడిగింది.

"ఆ పీట తాత ఎక్కడుంటాడు?"

"ఆయనకి పక్షవాతమటండీ. కుడిచెయ్యి పడిపోయింది. మొన్న కోడలొచ్చింది, మామయ్యగారు పీట అడుగుతున్నారని. మీరు మీటింగులో ఉన్నారని పంపేశాను."

"అయ్యో" అంది. అయ్యో అనడానికి ఖర్చేముంది?

ఫోను మోగింది. డైరెక్టరు.

"పాత ల్యాబు నోటుపుస్తకాల్లో ఉన్నదంతా ఏఐకి నేర్పావా?"

"అంతా నేర్పానండీ. ఒక్క గడి తప్ప."

"ఏ గడి?"

"'చేసినవారు' అనే గడి. కొలతలు ఒకటే అయినప్పుడు, చేసింది ఎవరైతేనేం అని తీసేయించాను."



"అమ్మా, కొలతలు ఒకటే అయితే కొన్ని పగిలి, కొన్ని ఎందుకు నిలిచాయి?"

ఆమె స్టోరుగదికి పరుగెత్తింది. ముప్పై ఏళ్ళ పుస్తకాలు. ఒక్కొక్కటే దులిపి తెరిచింది.

పగిలిన బిళ్ళల ఎదుట పెద్ద పెద్ద చదువుల పేర్లు. ఆమెకి చదువు చెప్పిన ప్రొఫెసరు పేరూ ఉంది.

నిలిచిన ప్రతి బిళ్ళ ఎదుటా పేరు లేదు. మూడు నిలువు గీతలు. సంతకం రాని చేతి గుర్తు.

ఒక పుస్తకం కాదు, ఒక ఏడాది కాదు. ముప్పై ఏళ్ళూ అవే మూడు గీతలు.

ఈ మనిషి ఎక్కడున్నా సరే, పొద్దుటికల్లా పట్టుకొచ్చి రోబో పక్కన కూర్చోబెట్టాలి. కాళ్ళు పట్టుకోవలసివస్తే పట్టుకుంటుంది.

పుస్తకం చంకలో పెట్టుకుని గబగబా మెట్లు దిగింది.

తుక్కులోని ముక్కాలిపీట కాలికి తగిలి తలకిందులైంది.

దాని అడుగున, కత్తిమొనతో లోతుగా చెక్కిన మూడు నిలువు గీతలున్నాయి.