ఫెయిలమ్మ

“మీ అబ్బాయి ఇక లేరండి,” అన్నాడు కుర్ర డాక్టరు, తలుపు రెక్క పట్టుకుని.

“లేకపోతే ఎక్కడికెళ్ళాడు?” అంది ఆవిడ.

కుర్రాడు తలుపు రెక్కని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు. ఈ ప్రశ్న వాళ్ళకు చెప్పిన పాఠంలో లేదు.

“అంటే... మేం చేయాల్సిందంతా చేశామండి.”

ఆవిడ కుర్చీలోంచి విసురుగా లేచింది. “ఫెయిల్. తరవాతివాళ్ళని పంపించు.”

ఆ చనిపోయిన అబ్బాయి ఏ వార్డులోనూ లేడు. అసలు పుట్టనే లేదు. అది మెడికల్ కాలేజీలో ఒక చిన్న గది. రెండు కుర్చీలు, ఒక బల్ల, కిటికీకి వెలిసిపోయిన తెర. రోగి చనిపోయాడన్న మాట ఇంట్లోవాళ్ళకు ఎలా చెప్పాలో కాబోయే డాక్టర్లు అక్కడ నేర్చుకుంటారు. ఎదురుగా తల్లిగానో, భర్తగానో, అన్నగానో కూర్చోవడానికి ఊళ్ళోవాళ్ళు స్వచ్ఛందంగా వస్తారు. వాళ్ళకు దక్కేది ఒక టీ, నాలుగు బిస్కెట్లు, పిల్లలకు ఏదో నేర్పామన్న తృప్తి.

మిగతావాళ్ళు మంచివాళ్ళు. కాసేపు కళ్ళు ఒత్తుకుని, “బాగా చెప్పావు నాయనా” అని పాస్ చేసేసి, బిస్కెట్లు తిని వెళ్ళిపోయేవారు. ఈమధ్యనే ఊళ్ళోకి వచ్చిన ఈవిడ అలా కాదు. ఏడవదు, అరుస్తుంది. ఆ గదిలో ఉన్నంతసేపూ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టదు. ఇప్పటిదాకా ఒక్కరినీ పాస్ చేసిన పాపాన పోలేదు. పిల్లలు ఆవిడకి ఫెయిలమ్మ అని పేరు పెట్టుకున్నారు.

“పాపం, ఆవిడ కొడుకు నిజంగానే పోయి ఉంటాడ్రా,” అన్నాడు వాళ్ళలో ఒకడు. అప్పట్నుంచి ఎవరూ ఎదురు మాట్లాడటం లేదు. ఆ జాలి చూపులు చూస్తే ఆవిడకి ఇంకా ఒళ్ళు మండేది.

చివరికి ఫిర్యాదు పెద్ద డాక్టరుగారి దాకా వెళ్ళింది. ఆయన వచ్చి మర్యాదగానే చెప్పాడు. పిల్లలు హడలిపోతున్నారని, ఈ గదిలో పాసైతే తప్ప వాళ్ళు వార్డులో అడుగుపెట్టడానికి వీల్లేదని, ఇవాళ కూడా అందరినీ ఫెయిల్ చేసేస్తే రేపట్నుంచి ఆవిడ బదులు ఇంకొకరిని చూసుకుంటానని.

ఆవిడ మొహం పాలిపోయింది. ఈ గదికి రాకుండా ఇంట్లో కూర్చోవడం ఆవిడ వల్ల కాదు. ఆ సంగతి చెప్పి బతిమాలుకోవడం అంతకన్నా చేతకాదు.

“నిజమైన తల్లి దగ్గర తప్పు చేసేకంటే, నా దగ్గర హడలిపోవడమే నయం కదండీ,” అంది.

ఆయన గడియారం చూసుకుని, గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

తరవాత వచ్చినవాడు మెదడులో రక్తస్రావం గురించి పుస్తకం మొత్తం అప్పజెప్పాడు. పరీక్షలో రాసుకోమని పంపేసింది. ఇంకొకడి జేబులో ఫోను మోగింది. వాడు తీసి చూశాడు. ఆవిడ దాన్ని లాక్కుని బల్ల మీద బోర్లా పెట్టింది. ఇంకో అమ్మాయి ఓదార్చబోయి, వేడి గిన్నె ముట్టుకున్నట్టు భుజం తాకి చటుక్కున చెయ్యి తీసేసుకుంది. అందరూ ఫెయిలే.

ఇక ఆవిడ అగ్గి మీద గుగ్గిలమైంది. తలుపు బార్లా తీసి, బయట వరసలో నిలబడ్డవాళ్ళందరికీ వినపడేలా అరిచింది.

“ఒక డాక్టరుగారు కూడా ఇలాగే చెప్పారు. తలుపు పట్టుకుని. ఒక కాలు గదిలో, ఒక కాలు వరండాలో. కుర్చీ పక్కనే ఉంది, కూర్చోలేదు. ఎందుకో తెలుసా? ఆకలి. క్యాంటీను మూసేస్తారని తొందర. చేయాల్సిందంతా చేశామని ఒక ముక్క పడేసి వెళ్ళిపోయారు. వెనకాల దబ్బున మనిషి పడిన చప్పుడు వినబడింది. అయినా తిరిగి చూడలేదు. రెండు నిమిషాలు కూర్చుంటే ఏం పోయేది?”

పెద్ద డాక్టరుగారు గడియారం చూసుకోవడం మానేశాడు.

ఆఖరున నోట్లో నాలుక లేని ఒక అమ్మాయి మిగిలింది. ఇదివరకు ఈవిడ చేతిలో ఫెయిలైన పిల్లే. లోపలికి వచ్చి తలుపు వేసింది. కుర్చీ దగ్గరికి జరుపుకుని ఎదురుగా కూర్చుంది.

“అమ్మా, మీకు చాలా కష్టమైన మాట చెప్పాలి. మీ అబ్బాయి చనిపోయాడు.”

అంతే.

ఆవిడ విరుచుకుపడింది. ఇంతమంది ఉండి ఏం వెలగబెట్టారంది. మీ చదువులు తగలెయ్య అంది. బల్ల మీద దబదబా గుద్దింది. అమ్మాయి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి గానీ, కుర్చీ మాత్రం వెనక్కి జరగలేదు.

“అరవండమ్మా. నేనెక్కడికీ వెళ్ళను,” అంది.

గుద్దడానికి ఎత్తిన పిడికిలి ఆవిడ దించేసింది. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ గదిలో ఆవిడ ఏడవడం అదే మొదలు.

“పాస్,” అంది చాలాసేపటికి.

పెద్ద డాక్టరుగారు రేపు కూడా తప్పకుండా రమ్మని చెప్పి, బతుకు జీవుడా అని బయటపడ్డాడు. అమ్మాయి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చింది. ఆవిడ గటగటా తాగేసింది. ఇప్పుడు కోపం అమ్మాయి వంతయింది.

“పక్కనే కుర్చీ ఉండి కూర్చోలేదంటే నాకే కడుపు మండిపోతోందమ్మా. అసలు మనుషులేనా? ఆ డాక్టరు మళ్ళీ ఎప్పుడైనా మీ కంటబడ్డారా?”

ఆవిడ ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టింది.

“రోజూ కనబడుతుంది తల్లీ, అద్దంలో తల దువ్వుకునేటప్పుడు.”